ఆవర్తన పట్టికకు గ్రాఫు గీద్దాం రండి!



ఈసారి గోడపత్రికలో సైన్సు పేజీకి ఆవర్తన పట్టిక తీసుకున్నాము. పదో తరగతి వాళ్ళకు ఈ పాఠం అంటే రెండే వాక్యాలు. "పీరియడులో ఎడమ నుండి కుడికి పోవుకొలది అయనీకరణ శక్తి పెరుగును. గ్రూపులో పై నుండి క్రిందికి పోవుకొలది తగ్గును." రాత్రి స్టడీ అవర్‌లో ఏ వరుసలో విన్నా ఇవే. మార్కులు కూడా వస్తాయి, కాదనం.

కాని ప్రశ్న కొంచెం తిప్పి అడిగారనుకోండి. "నైట్రోజన్ కంటే ఆక్సిజన్‌కు అయనీకరణ శక్తి తక్కువ. కారణం తెలుపుము." బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. పట్టికలో ఆక్సిజన్ నైట్రోజన్‌కి కుడి పక్కన ఉంది కదా, వాడు చదివిన వాక్యం ప్రకారం పెరగాలి కదా! మరి ఆ వాక్యం తప్పా అంటే తప్పు కాదు. అది దూరం నుండి చూసి చెప్పిన మాట. బుట్టాయగూడెం వైపు రోడ్డు మీద నుండి చూస్తే కొండలన్నీ ఒకే నీలి గీతలాగ ఉంటాయి. లోపలికి పోతేనే మధ్యలో ఎక్కడ వాగుంది, ఎక్కడ లోయ ఉంది తెలుస్తుంది. మన ఊళ్ళ వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మూలకాల్లోకి అలా లోపలికి పోవాలంటే దారి గ్రాఫు. ఒక గ్రాఫు కాగితం, ఒక పెన్సిలు, ఇరవై సంఖ్యలు చాలు. ఆ గ్రాఫులో అన్నిటికంటే ఎత్తున కూర్చునే చుక్క ఒకటి ఉంది. దాని కథ మనకు దగ్గరలోనే, కృష్ణకు అవతల గుంటూరులో మొదలైంది. అది తరువాత చెప్తాము. ముందు పాఠం.

ఆవర్తనం అనగా ఏమి?

తిరిగి తిరిగి రావడం. మన ఊళ్ళల్లో సంత వారానికి ఒకసారి వస్తుంది. ఆదివారం సంత అయితే మళ్ళీ ఏడు రోజులకు ఆదివారమే. కొల్లేరులో ఆటపాక దగ్గర పెలికాన్ పిట్టలు ఏటేటా అదే కాలానికి వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి. మూలకాలను కూడా వరుసగా పేర్చుకుంటూ పోతే కొన్నిటి తరువాత మళ్ళీ అదే గుణం గలది వస్తుంది. లిథియం మెత్తటి లోహం, నీళ్ళతో చర్య జరుపుతుంది. వరుసలో కొంత దూరం పోతే సోడియం, అదే గుణం. ఇంకొంత దూరం పోతే పొటాషియం, మళ్ళీ అదే గుణం.

1865లో ఇంగ్లాండు దేశంలో న్యూలాండ్స్ అనే ఆయన దీన్ని సంగీతంతో పోల్చారు. స రి గ మ ప ద ని అయ్యాక ఎనిమిదోది మళ్ళీ స. అలాగే లిథియం నుండి లెక్కపెడితే ఎనిమిదోది సోడియం అన్నారు. మరుసటి ఏడు లండనులో రసాయన శాస్త్రవేత్తల సభలో ఈ మాట చెప్తే, మూలకాల పేర్లను అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఒకాయన ఎగతాళి చేశారట. పాపం న్యూలాండ్స్!

ఇప్పుడు మీ పుస్తకం తీసి లెక్కపెట్టండి. లిథియం, బెరీలియం, బోరాన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, నియాన్, సోడియం. సోడియం తొమ్మిదోది కదా వచ్చింది! న్యూలాండ్స్‌కి ఎనిమిదో స్థానంలో ఎలా వచ్చింది? ఆయనకు లెక్క రాక కాదు. ఆ రోజుల్లో నియాన్ అనేది ఒకటుందని లోకంలో ఎవరికీ తెలియదు. నియాన్ ఒక్కటే కాదు, ఆ గ్రూపు మొత్తం, అనగా హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జీనాన్, రాడాన్ ఏవీ తెలియవు. ఇంట్లో ఒక అన్నదమ్ముల కుటుంబం మొత్తం దాక్కుని ఉంటే జనాభా లెక్క ఎలా ఉంటుందో అలా ఉండేది అప్పటి పట్టిక. ఇది గుర్తు పెట్టుకోండి, అవసరం పడుతుంది.

మొదటి గ్రాఫు: లోథర్ మేయర్ గీత

1869లో రష్యా దేశంలో మెండలీవ్ తన పట్టిక ప్రకటించారు. ఆ పేరు అందరికీ తెలుసు. 1870లో జర్మనీలో లోథర్ మేయర్ ఒక గ్రాఫు ప్రకటించారు. ఆ పేరు పరీక్షలో ఎవరూ అడగరు కాబట్టి మనవాళ్ళు వదిలేస్తారు. మా అభిప్రాయంలో మొదటిసారి చదివేవాడికి మెండలీవ్ పట్టిక కన్నా మేయర్ గ్రాఫే బాగా అర్థం అవుతుంది.

ఆయన చేసింది భాగహారం. మూలకం యొక్క పరమాణు భారాన్ని దాని సాంద్రతతో భాగించాలి. వచ్చినదాన్ని పరమాణు ఘనపరిమాణం అంటారు. అంటే లెక్కకు అన్నే పరమాణువులు తీసుకుంటే ఏ మూలకం ఎంత చోటు ఆక్రమిస్తుంది అని. సోడియం భారం 23, సాంద్రత 0.97. భాగిస్తే 23.7 వచ్చింది. అల్యూమినియం భారం 27, సాంద్రత 2.7. భాగిస్తే 10. మన వంటశాలలో పెద్ద గిన్నెలన్నీ అల్యూమినియమే, ఆ లోహం అంత గట్టిగా సర్దుకుని ఉంటుందన్నమాట.

మేము భాగహారం చేసిన కొన్ని అంకెలు ఇక్కడ ఇస్తున్నాము: లిథియం 13.0, బెరీలియం 4.9, బోరాన్ 4.6, కార్బన్ (వజ్రం) 3.4, సోడియం 23.7, మెగ్నీషియం 14.0, అల్యూమినియం 10.0, సిలికాన్ 12.1, గంధకం 15.5, పొటాషియం 45.5, కాల్షియం 25.9.

అడ్డంగా పరమాణు సంఖ్య, నిలువుగా ఈ అంకె పెట్టి చుక్కలు పెట్టండి. నిలువు స్కేలు 1 సెంటీమీటరుకు 5 చాలు. లిథియం దగ్గర ఒక చిన్న శిఖరం, తరువాత పల్లం. సోడియం దగ్గర ఇంకొంచెం పెద్ద శిఖరం, మళ్ళీ పల్లం. పొటాషియం దగ్గర ఇంకా పెద్దది. శిఖరాల మీద ఉన్నవి మూడూ ఒకే గ్రూపువి! ఎవరూ చెప్పకుండానే గ్రాఫు చెప్పేసింది.

కారణం ఏమిటంటే, ఆ మూలకాల దగ్గర కొత్త కర్పరం మొదలవుతుంది. నిండిపోయిన కర్పరాల బయట ఒక్కటే ఎలక్ట్రాన్ దూరంగా తిరుగుతూ ఉంటుంది. అందుకని పరమాణువు పెద్దది, చోటు ఎక్కువ, సాంద్రత తక్కువ. లిథియం, సోడియం, పొటాషియం మూడింటి సాంద్రత ఒకటి కన్నా తక్కువే, కావున మూడూ నీళ్ళ మీద తేలే లోహాలు. లాబ్‌లో సార్ సోడియం ముక్క నీళ్ళల్లో వేసినప్పుడు అది మునగకుండా బుస్సుమంటూ పైనే పరుగెత్తుతుంది కదా, దానికి సగం కారణం ఈ గ్రాఫులో ఉంది. మిగతా సగం రెండో గ్రాఫులో ఉంది.

రెండో గ్రాఫు: అయనీకరణ శక్తి

వాయుస్థితిలో ఒంటరిగా ఉన్న తటస్థ పరమాణువు నుండి బయటి ఎలక్ట్రాన్‌ను ఊడదీయటానికి కావలసిన శక్తిని అయనీకరణ శక్తి అంటారు. పాత పుస్తకాల్లో అయనీకరణ శక్మం అని ఉంటుంది, కంగారు పడొద్దు. ఒక మోల్ పరమాణువులకు ఎన్ని కిలోజౌళ్ళు అనేది లెక్క. మొదటి ఇరవై మూలకాలకు అంకెలు ఇవి, నోటుబుక్కులో ఎక్కించుకోండి:

హైడ్రోజన్ 1312, హీలియం 2372.
లిథియం 520, బెరీలియం 899, బోరాన్ 801, కార్బన్ 1086, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, ఫ్లోరిన్ 1681, నియాన్ 2081.
సోడియం 496, మెగ్నీషియం 738, అల్యూమినియం 578, సిలికాన్ 786, ఫాస్ఫరస్ 1012, గంధకం 1000, క్లోరిన్ 1251, ఆర్గాన్ 1520.
పొటాషియం 419, కాల్షియం 590.

గ్రాఫు కాగితాన్ని అడ్డంగా తిప్పి పెట్టుకోండి. అడ్డం 1 సెంటీమీటరుకు ఒక మూలకం, ఇరవై సెంటీమీటర్లు. నిలువు 1 సెంటీమీటరుకు 200, పన్నెండు సెంటీమీటర్లు. ఈ స్కేలులో ఒక్కొక్క చిన్న గడి 20. పెన్సిలు మొన బాగా సన్నగా చెక్కుకోండి, ఎందుకో చెప్తాము. ఫాస్ఫరస్ 1012, గంధకం 1000. తేడా 12. అంటే ఒక చిన్న గడి కూడా కాదు! మొద్దు పెన్సిలుతో చుక్క పెడితే ఆ తేడా చుక్క కిందే పోతుంది. అడగబోయే ప్రశ్న కూడా దాని మీదే వస్తుంది.

ఇంకో మాట. చుక్కలు పెట్టాక వాటిని గీతతో కలపాలా వద్దా? బస్సు ప్రయాణానికి కాలం-దూరం గ్రాఫు గీస్తే రెండు చుక్కల మధ్య కూడా బస్సు ఉంటుంది, కనుక గీత నిజం. ఇక్కడ ఏడో మూలకం ఉంది, ఎనిమిదో మూలకం ఉంది, ఏడున్నర మూలకం లేదు. గీత కేవలం మన కళ్ళకు దారి చూపించడానికే. అందుచేత స్కేలు పెట్టి సన్నటి గీతలతో చుక్క నుండి చుక్కకు కలపండి. చేత్తో నున్నగా వంపులు తిప్పితే చూడ్డానికి బాగుంటుంది గాని చిన్న పల్లాలు పోతాయి.

గీశారా? ఇప్పుడు చూడండి. రంపం పళ్ళలాగ లేదూ! ఎక్కుతుంది, ఎక్కుతుంది, శిఖరానికి పోయి ధబీమని పడిపోద్ది. హీలియం నుండి లిథియంకి 1852 పడింది. నియాన్ నుండి సోడియంకి 1585. ఆర్గాన్ నుండి పొటాషియంకి 1101. ఈ మూడు పాతాళాల దగ్గర ఉన్నవి మొదటి గ్రాఫులో శిఖరాల మీద ఉన్నవే. అదే సంగతి: కొత్త కర్పరంలో ఒంటరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరం, తేలిగ్గా ఊడివస్తుంది. 520, 496, 419 అని గ్రూపులో దిగుతున్న కొద్దీ ఇంకా తేలిక. అందుకే సోడియం నీళ్ళల్లో బుస్సుమంటే పొటాషియం ఏకంగా మంట పుట్టిస్తుంది. రెండింటినీ కిరోసిన్‌లో దాచడం కూడా అందుకే.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ఎక్కుడు దారిలో రెండుచోట్ల చిన్న పల్లాలు ఉన్నాయి. రెండో పీరియడులో బెరీలియం 899 తరువాత బోరాన్ 801, నైట్రోజన్ 1402 తరువాత ఆక్సిజన్ 1314. మూడో పీరియడులో కూడా సరిగ్గా అవే స్థానాల్లో మెగ్నీషియం 738 తరువాత అల్యూమినియం 578, ఫాస్ఫరస్ 1012 తరువాత గంధకం 1000. ఒక్కసారి వస్తే పొరపాటు అనుకోవచ్చు. రెండు పీరియడుల్లో ఒకే చోట వచ్చిందంటే లోపల కారణం ఉంది. పల్లం కూడా ఆవర్తనమే అన్నమాట.

మొదటి పల్లం తేలిక. బెరీలియంలో బయటి ఎలక్ట్రాన్లు రెండూ 2ఎస్ ఆర్బిటాల్‌లో ఉన్నాయి. బోరాన్‌లో కొత్తగా వచ్చినది 2పి లోకి పోయింది. 2పి శక్తిస్థాయి 2ఎస్ కన్నా పైన ఉంటుంది, పైగా లోపలి ఎలక్ట్రాన్లు దానికి కేంద్రకాన్ని అడ్డుకుంటాయి. కనుక కేంద్రకంలో ఒక ప్రోటాన్ పెరిగినా సరే బోరాన్ ఎలక్ట్రాన్ తేలిగ్గా వస్తుంది.

రెండో పల్లానికి మన హాస్టలు లెక్క చూడండి. 2పి లో మూడు ఆర్బిటాళ్ళు, అంటే మూడు మంచాలు. నైట్రోజన్‌కి అక్కడ మూడు ఎలక్ట్రాన్లు, మంచానికి ఒకరు. హాయిగా ఉన్నారు. ఆక్సిజన్ దగ్గర నాలుగోవాడు వచ్చాడు. వాడు ఎవరో ఒకరి మంచంలో సర్దుకోవాలి. ఇద్దరూ ఋణావేశం గలవాళ్ళు, ఒకరినొకరు నెట్టుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి బయటకు పంపటానికి పెద్ద కష్టం ఉండదు. (ఒక మంచానికి ఇద్దరు అంటే ఏమిటో కొత్త అడ్మిషన్లు వచ్చినప్పుడల్లా మనం చూస్తున్నదే. వార్డెన్ గారు నవ్వుకుంటారని రాశాము.) పరీక్షలో మాత్రం మంచాలని రాయకండి. "నైట్రోజన్‌లో 2పి ఆర్బిటాళ్ళు సగం నిండి స్థిరంగా ఉండును, ఆక్సిజన్‌లో ఒక ఆర్బిటాల్‌లో ఎలక్ట్రాన్లు జతకూడి వికర్షణ కలుగును" అని రాయండి.

అడ్డంగా పరమాణు భారం ఎందుకు పెట్టలేదు?

తెలివైనవాడు అడగాల్సిన ప్రశ్న. లోథర్ మేయర్ పెట్టింది భారమే, ఆ రోజుల్లో పరమాణు సంఖ్య అనే మాట లేదు. కాని ఆర్గాన్ భారం 39.95, పొటాషియం భారం 39.10. భారం ప్రకారం పోతే పొటాషియం ముందు, ఆర్గాన్ తరువాత రావాలి. అప్పుడు మన గ్రాఫులో క్లోరిన్ 1251 నుండి 419కి పడి, మళ్ళీ 1520కి లేచి, మళ్ళీ కాల్షియం దగ్గర 590కి పడుతుంది. రంపం పన్ను విరిగిపోయింది! గీసి చూడండి, కంటికే తప్పని తెలిసిపోద్ది.

ఈ చిక్కు తీర్చింది 1913లో మోస్లే. ఆయన చేసింది కూడా గ్రాఫే. మూలకాల నుండి వచ్చే ఎక్స్ కిరణాల పౌనఃపున్యానికి వర్గమూలం తీసి, మూలకాల వరుస సంఖ్యకు ఎదురుగా గీస్తే తిన్నని గీత వచ్చింది. ఆ గీత మీద కొన్నిచోట్ల చుక్కలు లేవు. 43, 61, 75 అలాంటి ఖాళీలే. అక్కడ మూలకాలు ఉండి తీరాలి, ఇంకా దొరకలేదు అంతే అన్నాడు. తరువాత అన్నీ దొరికినాయి. మోస్లే మాత్రం 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో గాలిపోలి దగ్గర చనిపోయాడు. అప్పటికి వయస్సు 27.

శిఖరం మీద చుక్క

ఇప్పుడు గ్రాఫులో అన్నిటికన్నా పైన ఉన్న చుక్క మీద వేలు పెట్టండి. హీలియం, 2372. ఇరవైలోనే కాదు, ఈ రోజు తెలిసిన 118 మూలకాల్లోనూ దీన్ని మించింది లేదు. దాని ఎలక్ట్రాన్ ఊడదీయడం అందరికంటే కష్టం. ఇంకొక ఎలక్ట్రాన్ తెచ్చిపెడదామన్నా చోటు లేదు. ఇయ్యదు, పుచ్చుకోదు. ఎవరితోనూ కలవదు.

ఇక కథ. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ మన తీరం మీదుగా పోయింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుండి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడలో వచ్చి గుంటూరులో మకాం పెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీ నుండి పోగ్సన్ గారు మచిలీపట్నం వచ్చారు. మచిలీపట్నం అంటే మన కొల్లేరుకు దక్షిణంగా, ఎంత దూరమని! ఇద్దరి దగ్గరా వర్ణపటదర్శిని ఉంది. అది వెలుతురును రంగుల పట్టీగా విడదీసే పరికరం.

దీని పని తెలియాలంటే వంటశాలకు పోవాలి. ఉప్పు వేసిన ఎసరు పొంగి పొయ్యిలో పడితే మంట పసుపుపచ్చగా మారుతుంది, చూశారా? గ్యాసు పొయ్యి నీలి మంటలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అది ఉప్పులోని సోడియం చేసే పని. వర్ణపటదర్శినిలోంచి చూస్తే ఆ పసుపు రెండు సన్నని గీతలుగా కనిపిస్తుంది: ఒకటి 589.0 నానోమీటర్లు, ఇంకొకటి 589.6. వాటిని డి గీతలు అంటారు. ఏ మూలకానికి ఆ మూలకపు గీతలే. వేలిముద్రల్లాగ, ఒకరివి ఇంకొకరికి రావు.

గ్రహణం పట్టగానే సూర్యుడి అంచున ఎర్రని జ్వాలలు కనిపించాయి. పరికరాల్లో మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో పసుపుది ఒకటి. చూసినవాళ్ళలో చాలామంది అది సోడియం డి గీతే అనుకున్నారు. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం డి దగ్గర, లేదా డి కి పక్కన అన్నట్టు అనుమానంగా రాసుకున్నారు. గుంటూరులో జాన్సెన్‌కి వేరే ఆలోచన వచ్చింది. ఈ గీతలు ఇంత కాంతిగా ఉన్నాయి, గ్రహణం లేకపోయినా చూడొచ్చేమో అనుకున్నారు. మర్నాడు ఆగస్టు 19న మామూలు ఎండలోనే చూసేశారు! అప్పటి వరకు ఆ జ్వాలలు చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఆగవలసిందే.

అదే పద్ధతిని ఇంగ్లాండులో లాకియర్ సొంతంగా ఆలోచించి, అక్టోబరు 20న గ్రహణం లేకుండానే ఆ జ్వాలల గీతలు చూశారు. ఆ పసుపు గీతను జాగ్రత్తగా కొలిస్తే అది 589 దగ్గర లేదు, 587.6 దగ్గర ఉంది. తేడా ఒకటిన్నర నానోమీటరే. మన గ్రాఫులో ఫాస్ఫరస్, గంధకం మధ్య తేడా లాంటిదే, మొద్దు పెన్సిలుకు దొరకదు. భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత లేదు. కనుక ఇది సూర్యుడిలో ఉన్న కొత్త మూలకం అనుకుని, గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద హీలియం అన్నారు. జాన్సెన్, లాకియర్ ఇద్దరి ముఖాలతో ఫ్రాన్సులో పతకం కూడా వేశారు. కొన్ని పుస్తకాల్లో జాన్సెన్ గుంటూరులోనే కొత్త మూలకాన్ని కనిపెట్టాడని రాస్తారు. అంత సూటిగా అనకూడదు. గీత గుంటూరులోను, మచిలీపట్నంలోను కంటపడింది. అది ఎవరిదో తేల్చడం తరువాత జరిగింది.

చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. భూమి మీద దొరకని మూలకమేంటి అన్నారు. 1869 నాటి మెండలీవ్ పట్టికలో హీలియంకి చోటు లేదు. 1895లో లండనులో రామ్సే, క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వచ్చిన వాయువులో అదే పసుపు గీత మెరిసింది. 1868 నుండి 1895, అంటే 27 ఏళ్ళు!

అన్ని ఏళ్ళు ఎందుకు పట్టింది? జవాబు మన గ్రాఫులో వేలు పెట్టిన చోటే ఉంది. అప్పటి రసాయన శాస్త్రవేత్త మూలకాన్ని ఎలా పట్టుకునేవాడు? మరొకదానితో కలిపి, మండించి, ఆమ్లంలో కరిగించి, అవక్షేపం తీసి. ఇవన్నీ కలిసే గుణం ఉన్నవాటికి వేసే వలలు. 2372 దగ్గర కూర్చున్నది ఏ వలలోనూ పడదు. ఖనిజంలో ఉన్నా దేనితోనూ అతుక్కోకుండా ఖాళీల్లో దాక్కుని ఉంటుంది. గాలిలోనూ ఉంది కాని పది లక్షల భాగాల్లో అయిదు భాగాలే. దాని జాడ తెలియటానికి వెలుతురు ఒక్కటే దారి. ఆ వెలుతురు రావాలన్నా దానికి చాలా శక్తి అందాలి. అందుకని కాళ్ళ కింద ఉన్నది ముందు సూర్యుడిలో కనిపించింది. ఎత్తయిన చుక్క, 27 ఏళ్ళ ఆలస్యం, ఈ రెండూ ఒకే సంగతి.

ఆ కుటుంబంలో మిగతావాళ్ళు కూడా వరుసగా బయటపడ్డారు. 1894లో ఆర్గాన్, 1898లో క్రిప్టాన్, నియాన్, జీనాన్. పట్టికకు కుడివైపు కొత్త నిలువు వరస వేయాల్సి వచ్చింది. న్యూలాండ్స్ ఎనిమిది తొమ్మిది అయ్యింది అప్పుడే. ఇంకో విశేషం చూడండి, మన గ్రాఫులో శిఖరాలన్నీ ఈ కుటుంబానివే. అవి తీసేసి గీస్తే రంపానికి పళ్ళ మొనలే ఉండవు.

మొన కిందికి దిగితే

శిఖరాలు కూడా గ్రూపులో దిగుతూ పోతాయి. హీలియం 2372, నియాన్ 2081, ఆర్గాన్ 1520, క్రిప్టాన్ 1351, జీనాన్ 1170. ఈ కుటుంబం ఎవరితోనూ కలవదు అని పుస్తకాల్లో చాలా ఏళ్ళు రాశారు. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ ఒక పని చేస్తున్నారు. ప్లాటినం హెక్సాఫ్లోరైడు అనే పదార్థం ఆక్సిజన్ అణువు నుండి కూడా ఎలక్ట్రాన్ లాగేయగలదని చూశారు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి సుమారు 1170. (పైన ఇచ్చిన 1314 ఆక్సిజన్ పరమాణువుది, ఇది రెండు పరమాణువుల అణువుది. కలపొద్దు.) అదే ఎత్తులో ఇంకెవరున్నారు? జీనాన్! దాన్ని లాగినవాడు దీన్నీ లాగగలడు కదా అని రెండింటినీ కలిపారు. పసుపు-నారింజ రంగు ఘనపదార్థం వచ్చింది. జడ వాయువు మొదటిసారి సంయోగ పదార్థం ఇచ్చింది. రెండు అంకెలు ఒకే ఎత్తులో ఉన్నాయని గమనించడం వల్ల వచ్చిన ఫలితం అది. హీలియం మాత్రం ఆ ఎత్తు మీదే ఉంది. మామూలు పరిస్థితుల్లో నిలిచే హీలియం సంయోగ పదార్థం నేటికీ లేదు.

మీకు పని

1. లిథియం 520, సోడియం 496, పొటాషియం 419. రుబీడియంకి ఎంత ఉండొచ్చు? పుస్తకం చూడకుండా ముందు ఒక అంకె రాయండి. తరువాత చూడండి.

2. హైడ్రోజన్ 1312, ఆక్సిజన్ 1314. గ్రాఫులో ఒకే ఎత్తు. హైడ్రోజన్‌ను లిథియం నెత్తి మీద పెట్టడం గురించి మీరేమంటారు? దీనికి ఒకే జవాబు లేదు, వాదించుకోవచ్చు.

3. నాలుగో పీరియడులో గాలియం నుండి క్రిప్టాన్ వరకు అంకెలు సార్ దగ్గర అడిగి గీయండి. నైట్రోజన్-ఆక్సిజన్ పల్లం అక్కడ కూడా ఉందా? ఉంటే ఏ రెండు మూలకాల మధ్య?

గీసిన గ్రాఫులు ఈ గోడపత్రిక కింద గుండుసూదితో గుచ్చండి. పేరు, తరగతి వెనకవైపు రాయండి. సన్నటి పెన్సిలు లేనివాళ్ళు స్టడీ అవర్‌లో మా దగ్గర తీసుకోవచ్చు, చెక్కుడు బ్లేడు మాత్రం తిరిగి ఇవ్వాలి.